నీలం అక్షరాల ఆయన

ఆఫీసులో ఆయన్ని అందరూ రెండులైన్లాయన అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. సినిమా నడుస్తుంటే కింద పడే అక్షరాలున్నాయే, ఆ సబ్‌టైటిళ్ళు రాయడం ఆయన పని. ఒకసారికి రెండు లైన్లు దాటకూడదు, లైనుకి ఇన్ని అక్షరాలు దాటకూడదు, ఆరు సెకన్లకు మించి తెర మీద నిలవకూడదు. ఇరవై ఆరేళ్ళు అదే పని చేసీ చేసీ మనిషి మాట కూడా అలాగే తయారైంది. ఏమడిగినా రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. భోంచేశారా అంటే, "అయింది. మీరు?" అంటాడు. మూడో ముక్క కావాలంటే మనం ఇంకో ప్రశ్న వేసుకోవాల్సిందే.

పుట్టుకతో ఇంత పొదుపు మనిషి అనుకునేరు, కాదు. ఇంట్లో ఆయన వేరు. అక్కా ఆయనా పెళ్ళీ పెటాకులూ లేకుండా మూడో అంతస్తులో రెండు గదుల్లో కలిసి ఉండేవాళ్ళు. అక్క లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టేది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ సోఫాలో కూర్చుని సినిమా పెట్టుకుంటే, సినిమా మాట వినపడనిచ్చేవాళ్ళు కాదు. హీరో తలుపు తీస్తుంటే అక్క, "తియ్యకురా వెధవా, లోపల వాడున్నాడు" అనేది. ఈయన, "వాడికి ముందే తెలుసు, కెమెరా కోసం భయం నటిస్తున్నాడు" అనేవాడు. కింద డ్రై క్లీనింగ్ షాపాయన, సినిమా చూస్తున్నారా పోట్లాడుకుంటున్నారా అని ఒకటి రెండుసార్లు పైకొచ్చి అడిగాడు కూడా.

ఆ అక్కకి యాభై ఒకటో ఏట పెళ్ళైంది. నీళ్ళ మీటర్లు చూసుకునే ఒకాయన పాత అట్లాసుకి అట్ట కట్టించుకోవడానికి లైబ్రరీకి వచ్చాడు. అదే అట్లాసుకి మూడుసార్లు అట్ట కట్టించుకున్నాడు. మూడోసారి అక్కకి విషయం అర్థమైంది. పెళ్ళి చేసుకుని, ఆయనకి బదిలీ అయిన ఊరు వెళ్ళిపోయింది. రైల్లో ఐదు గంటలు. బావ చాలా మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆదివారం పొద్దున పది గంటలకు అక్క ఫోన్ చేస్తుంది. ఎలా ఉన్నావురా అంటుంది. "బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావు?" అంటాడు. ఒకసారి వచ్చి పోరా అంటుంది. పని ఉంది అంటాడు. రెండేళ్ళుగా ఈ ఫోన్ ఇలాగే నడుస్తోంది. పని ఏమీ లేదు. కొత్తగా కాపురం పెట్టుకున్న మనిషికి, నువ్వు లేక నేను ఇలా అయిపోయాను అని చెప్పడం ఆయనకి చేతకాలేదు, అంతే.

అలాంటి రోజుల్లో ఆఫీసుకి ఒక బ్రిటిష్ సినిమా వచ్చింది. ఫైటింగులూ కామెడీ కలిసిన సినిమా, డిస్కుగా విడుదల చేయాలి. సినిమాతోపాటు పెట్టెడు అదనపు సామాను: తీసి పక్కన పడేసిన సీన్లు, నటులు తప్పులు చేసి పడీపడీ నవ్విన ముక్కలు, ఫైటింగులు ఎలా తీశారో చూపించే అరగంట, పైన కామెంటరీ. కామెంటరీ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. సినిమా తీసినవాళ్ళే ఓ గదిలో కూర్చుని, తమ సినిమా తామే చూసుకుంటూ, మొదటి నుంచి చివరిదాకా కబుర్లు చెప్పుకుంటారు. సినిమా మాటల బదులు వాళ్ళ మాటలు వినిపిస్తాయి. దానికి సబ్‌టైటిళ్ళు రాయడమంటే ఆఫీసులో ఎవరికీ గిట్టదు. ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, మధ్యలో దగ్గుతారు, సగం మాట మింగేస్తారు, ఇంత చేసి రాస్తే చదివే నాథుడుండడు. కాబట్టి అది ఎప్పుడూ రెండులైన్లాయన నెత్తినే పడుతుంది.

సినిమా సంగతి చెప్పాలి. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తెల్లారగట్ల బ్యాటరీ బండిలో ఇంటింటికీ పాల సీసాలు వేసే అరవై ఏళ్ళాయన హీరో. తప్పుడు చోట బండి ఆపినవాళ్ళకి జరిమానా చీటీలు రాసే ఆవిడ హీరోయిన్. వజ్రాల దొంగలు ఆ ఊళ్ళో దిగుతారు. ఇక తన్నులాట. ఆ పాలబండి ఎంత తొక్కినా గంటకు పాతిక కిలోమీటర్లు దాటదు. దొంగల కారు రివ్వున పోయేదే, కానీ సందులు ఇరుకు, పైగా వాళ్ళూ ఆ దేశం దొంగలే కదా, రోడ్డు దాటుతున్న ముసలమ్మ కోసం ఆగుతారు. పాలాయన ఢీకొట్టిన ప్రతివాడికీ సారీ చెప్తాడు. తుపాకులు పేలుతుంటే చీటీల ఆవిడ వంగుని వెళ్ళి దొంగల కారు అద్దానికి జరిమానా అంటించి వస్తుంది. ఇంత వెర్రి కథని ఆ దర్శకుడు ఒక్క క్షణం కూడా వెర్రిగా తీయలేదు. పాల సీసా పగిలితే పాలాయన మొహంలో నిజంగా బాధ కనపడుతుంది. ఆ బాధ చూసి నవ్వొస్తుంది, నవ్వాక పాపం అనిపిస్తుంది. అలా తీయడం అందరివల్లా కాదండీ.

కామెంటరీలో ముగ్గురు: దర్శకుడు, పాలాయన వేషం వేసిన నటుడు, ఫైటింగులు చేయించిన ఫైట్ మాస్టరు. ఒకరినొకరు ఉతికి ఆరేసుకుంటారు. మూడు రోజులు వాన కోసం ఎదురుచూశామని దర్శకుడంటే, వాన మొదటి రోజే వచ్చింది, నువ్వు హోటల్లో నిద్రపోతున్నావు అంటాడు నటుడు. ఆ దూకింది నేనని ఫైట్ మాస్టరంటే, దూకేముందు భయపడింది నేనని నటుడంటాడు. కిటికీ లేని గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండులైన్లాయన పదకొండు రోజులు ఆ ముగ్గురితో గడిపాడు. మూడో రోజుకి వాళ్ళు ఎప్పుడు ఊపిరి తీసుకుంటారో కూడా తెలిసిపోయింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన పనిలో ఉండగా పైకి నవ్వాడు. పక్క గదిలోవాళ్ళు ఏమైందోనని తలుపు తీసి చూసి వెళ్ళారు.

ఆయనకో పాత అలవాటుంది. రాసుకుంటూ పోతూ, సందు దొరికినచోట తన మాట కూడా ఒకటి టైపు చేసుకుంటాడు, ముందు ఒక చుక్క గుర్తు పెట్టి. అక్క పక్కనుంటే ఏమనేవాడో అది. పని అయ్యాక ఒక మీట నొక్కితే చుక్క గుర్తున్న లైన్లన్నీ పోతాయి. ఎవరికీ తెలియదు. కానీ ఈ సినిమాకి కొత్త పద్ధతి వచ్చి పడింది. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు వేయమన్నారు. దర్శకుడికి పసుపు, నటుడికి తెలుపు, ఫైట్ మాస్టరుకి ఆకుపచ్చ. ఈయనకి సరదా పుట్టింది. ముగ్గురికీ రంగులిచ్చి నేనొక్కణ్ణే చుక్క గుర్తుతో ఎందుకుండాలి అనుకుని, తనకి నీలం ఇచ్చుకున్నాడు.

దర్శకుడు వాన గురించి కోతలు కోసినచోట, "ఇప్పుడాయన మాట మారుస్తారు, చూడండి" అని నీలంలో రాశాడు. దర్శకుడు మరుక్షణం మాట మార్చాడు. దూకిందెవరు, భయపడిందెవరు అన్నచోట, "నాకు రెండూ రావు. కాఫీ తెస్తాను" అని రాశాడు. పాలబండి ఛేజ్ దగ్గర, "ఇంత నెమ్మదైన ఛేజ్ చూసి చెమట పట్టడం నాకిదే మొదలు" అని రాశాడు. అలా యాభై రెండో నిమిషం దాకా నలభై మూడు లైన్లు.

యాభై రెండో నిమిషంలో ఒక సీన్ ఉండాల్సింది, తీసేశారు. తీసేసిన సీన్ల పెట్టెలో అది విడిగా ఉంది. పాలాయన ఊరంతా సీసాలు వేసి ఇంటికొస్తాడు. చివరి సీసా తన గుమ్మం ముందు పెట్టి, గంట కొట్టి, వెనక తలుపులోంచి లోపలికెళ్ళి, ముందు తలుపు తీసి, సీసా తీసుకుని, "థ్యాంక్స్" అంటాడు. అంతే సీను. ఇది ఉంచితే జనానికి మళ్ళీ నవ్వు రావడానికి పది నిమిషాలు పట్టిందని, అందుకే తీసేశానని దర్శకుడు కామెంటరీలో చెప్తాడు. అప్పుడు నటుడు, ఆ సీను చేసిన రోజు హోటల్ గదికెళ్తే మనసేం బాగోలేదు, నీకు ఫోన్ చేశాను గుర్తుందా అంటాడు. నువ్వు చేయకపోతే నేనే చేసేవాణ్ణి అంటాడు దర్శకుడు. ఫైట్ మాస్టరు, మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారని నేను కింద కూర్చుని కాపలా కాశాను అంటాడు. ముగ్గురూ నవ్వుతారు.

రెండులైన్లాయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ముగ్గురూ ఆయన స్నేహితులు కారు. వాళ్ళకి ఒకళ్ళకొకళ్ళున్నారు. ఈయన వాళ్ళ మధ్యన కూర్చుని ఇన్ని రోజులుగా వేళాకోళాలాడుతున్నాడు, అటువైపు ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఏడుపొచ్చినంత పనైంది. మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మిగతా సినిమా పూర్తిచేశాడు, నీలం అక్షరం ఒక్కటి రాయకుండా. చివర మీట నొక్కాడు. చుక్క గుర్తున్న లైన్లు పోతాయి కానీ నీలం రంగు లైన్లు ఎందుకు పోతాయి? మనసు అక్కడ లేదు, చూసుకోలేదు. ఫైలు వెళ్ళింది, డిస్కులు అచ్చయ్యాయి, దుకాణాలకి చేరాయి.

మూడు నెలలు ఎవరూ కిక్కురుమనలేదు. అప్పుడొక ఉత్తరం వచ్చింది. కాగితం మీద, చేత్తో రాసిన ఉత్తరం. సూపర్‌వైజర్ మేడం అది పట్టుకుని ఈయన గదిలోకొచ్చి తలుపు వేసింది. ఆవిడ వయసులో ఈయన కన్నా ఇరవై ఏళ్ళు చిన్న, పని ఈయన దగ్గరే నేర్చుకుంది, గురువుగారూ అని పిలుస్తుంది. ఉత్తరం ఆయన ముందు పెట్టింది.

"అయ్యా, నాకు చెవులు వినపడవు. కాబట్టి సినిమా కన్నా మీ అక్షరాలే ఎక్కువ చూస్తాను. కామెంటరీకి కూడా అక్షరాలు వేసినందుకు చాలా థ్యాంక్స్. కానీ ఒక అన్యాయం జరిగింది. లోపల నలుగురు మాట్లాడుతుంటే కవరు మీద ముగ్గురి పేర్లే వేశారు. నీలం ఆయన పేరు ఎక్కడా లేదు. అందరిలోకీ బాగా మాట్లాడింది ఆయనే. ఇంకో సంగతి. యాభై రెండో నిమిషం తర్వాత ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. లేచి వెళ్ళిపోయారా? ఎవరైనా ఏమైనా అన్నారా? నాకు దిగులుగా ఉంది. దయచేసి తెలియజేయండి."

మేడం చదివి ముందు నవ్విందట, తర్వాత డిస్కు పెట్టి చూసుకుందట. "గురువుగారూ, ఈ నీలం ఎవరు?"

"నేనే. పొరపాటైంది."

ఆవిడ తల పట్టుకుంది. అరవలేదు పాపం. బ్రిటన్ కంపెనీవాళ్ళ చెవిన పడితే, మా దర్శకుడి పక్కన మీ గుమాస్తాని కూర్చోబెట్టారా అని ఒప్పందమే రద్దు చేస్తారని, అప్పుడు ఈయనొక్కడి ఉద్యోగమే కాదు, ఈ గదుల్లో ఉన్న అందరిదీ పోతుందని చెప్పింది. ఇంతవరకు పట్టుకున్నది ఉత్తరం రాసిన ఈవిడొక్కతే. రెండో విడత డిస్కుల్లో నీలం తీసేయాలి. ఈవిడకి కొత్త డిస్కు ఇచ్చి, పాతది వెనక్కి తెచ్చుకుని, సంతకం పెట్టించుకోవాలి. "నాలుగో మనిషి ఎవరూ లేరు. ఏదో యంత్రం తప్పు. ఆ మాట ఆవిడకి అందాలి, అంతే."

నలభై మూడు లైన్లూ ఆయనే చెరిపాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. డిస్కు పోస్టులో పంపుతానని మేడం అంటే, వద్దు, నేను పట్టుకెళ్తానన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఎందుకో మనకి తెలుసు. రెండేళ్ళలో ఆయన మాట విన్న మనిషి ప్రపంచంలో ఒక్కరున్నారు. ఆ ఒక్కరికీ నేను లేనని చెప్పి రావాలి. చెప్పేముందు ఆ మొహం ఒక్కసారి చూడాలనిపించింది.

ఆదివారం పొద్దున అక్క ఫోన్ అయ్యాక, బాగానే ఉన్నానని చెప్పాక, మధ్యాహ్నం రెండు బస్సులు మారి వెళ్ళాడు. కింది అంతస్తులో ఇల్లు. గంట నొక్కితే లోపల మోతకి బదులు, కిటికీలోంచి కనపడే గోడ మీద ఎర్ర బల్బు వెలిగి ఆరింది. అరవై దాటిన ఆవిడ తలుపు తీసింది. ఈయన మెళ్ళోని కార్డు చదివి, "సినిమా ఆఫీసు. రండి రండి" అంది. గొంతు కాస్త పెద్దది, ఎంత పెద్దదో ఆవిడకి తెలిసే అవకాశం లేదు కదా. చెవులు నలభై మూడో ఏట పోయాయట, అంచేత మాట చక్కగా వస్తుంది. బల్ల మీద నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. మీరు రాయండి, నేను మాట్లాడతాను అంది.

రాసే వ్యవధి ఇవ్వలేదు. మాట్లాడే మనిషి దొరికితే ఎలా ఉంటుందో ఈయనకి తెలుసు కాబట్టి ఊరుకున్నాడు. ఆరుసార్లు చూసిందట. సినిమా ఒకసారి, మిగతా ఐదుసార్లూ ఆ అదనపు సామానే. ఆ పాల సీసాలు పంచదార పాకంతో పోసినవని, ఆరు వందలు పోస్తే సగం ఎండకి కరిగిపోయాయని చూపిస్తారే, అది చూశాక సినిమాలో సీసా పగిలినప్పుడల్లా వెనకాల పాకం కాచిన అమ్మాయి గుర్తొస్తుందట. దొంగల నాయకుడు ఒక్క డైలాగు చెప్పలేక పదిహేడుసార్లు నవ్వేస్తాడే, ఆ ముక్కకి తనకి చెవులే అక్కర్లేదంది. నవ్వు ఆపుకునేవాడి భుజాలు చూస్తే చాలంది. తను కూడా సరిగ్గా అదే చోట నవ్వానని ఈయనకి చెప్పాలనిపించింది. పెన్ను ముట్టుకోలేదు.

"ఆ ముగ్గురూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారండీ," అందావిడ. "పాత స్నేహితులు, తప్పు లేదు. నీలం ఆయనొక్కడే ఇటు తిరిగి మాట్లాడాడు. 'మాట మారుస్తారు, చూడండి' అన్నాడు. ఎవర్ని చూడమన్నాడు? నన్నే కదా. ఆ గదిలో నేనూ ఉన్నానని గుర్తున్నది ఆయనకే."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ ఇంకా చెప్పుకుపోయింది. అంత సరదా మనిషంటే ఇంటినిండా జనం ఉండి ఉంటారని, భోజనాల దగ్గర అందర్నీ నవ్విస్తుంటారని, ఆ ఇంట్లోవాళ్ళది అదృష్టమని. ఆయనకి మూడో అంతస్తులో తన రెండు గదులు, ఒక కంచం, ఒక గ్లాసు కళ్ళ ముందు తిరిగాయి. ఇక ఇంకాసేపు కూర్చుంటే చేయాల్సిన పని చేయలేననిపించి, పుస్తకం దగ్గరికి లాక్కుని గబగబా రాసి ఆవిడ వైపు తిప్పాడు.

"నాలుగో మనిషి ఎవరూ లేరండి.
అది మా యంత్రం చేసిన పొరపాటు."

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత అక్షరాల మీంచి కళ్ళు ఎత్తి ఈయన మొహం వైపు చాలాసేపు చూసింది. ఈయన కొత్త డిస్కు, సంతకం కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ వాటి జోలికి పోలేదు.

"మీరే కదూ," అంది.

ఆయన అడ్డంగా తలూపాడు.

"మా ఇంటికి వచ్చే ప్రతివాళ్ళూ ఈ పుస్తకంలోనే రాస్తారు. పోస్టాయన, డాక్టరు, మా చెల్లెలి పిల్లలు. అందరూ కాగితం అంచుదాకా రాసేసి, చోటు చాలక మాటని సగానికి విరిచి కిందికి తోస్తారు. ఇదిగో, తిప్పి చూసుకోండి. మాట అయినచోట ఆగి, కింద లైను మొదలుపెట్టిన మనిషిని మిమ్మల్నే చూశాను. కాగితం సగం ఖాళీగా వదిలేశారు. పదిహేడేళ్ళుగా రోజూ అక్షరాలే చూస్తున్నానండీ, నాకు తెలీదా?"

ఆయన పుస్తకం వైపు చూసుకున్నాడు. నేను లేనని రాసిన లైనే తనని పట్టించింది. దొంగతనం బయటపడ్డవాడికి సిగ్గేయాలి కదా, ఈయనకి ప్రాణం లేచొచ్చింది. ఇంకోసారి తల ఊపాడు, ఈసారి నిలువుగా.

ఆవిడేమీ సంబరపడిపోలేదు. లేచి వెళ్ళి, కామెంటరీ పెట్టి, యాభై రెండో నిమిషం దగ్గర ఆపింది. తెర మీద పసుపు అక్షరాలు నిలిచాయి: నువ్వు చేయకపోతే నేనే చేసేవాణ్ణి. "ఇక్కడేమైంది?" అంది.

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఒక లైను రాశాడు. కొట్టేశాడు. తర్వాత రాయడం మొదలుపెట్టాడు చూడండీ, ఆ కాగితం అంచుదాకా పోయింది పెన్ను, మాటలు విరిగాయి, కింద లైన్లలోకి దొర్లాయి, పేజీ తిరిగింది. అక్క సంగతి రాశాడు, సోఫా సంగతి రాశాడు, మూడుసార్లు కట్టించుకున్న అట్లాసు సంగతి రాశాడు. బావ మంచివాడని రెండుసార్లు రాశాడు. వాళ్ళు ముగ్గురూ అలా ఫోన్ల గురించి మాట్లాడుకుంటుంటే, మనసు బాగోలేదని తను ఫోన్ చేయగలిగిన మనిషి ఒక్కరూ లేరని తెలిసొచ్చిందని, ఆ తర్వాత జోకులేయడం చేతకాలేదని రాశాడు. నాలుగు పేజీలు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒకేసారి అంత రాయలేదు.

ఆవిడ నెమ్మదిగా చదివి పుస్తకం మూసింది. "ఈ సంగతి మీ అక్కకి తెలుసా?"

ఆయన తెలీదన్నట్టు చెయ్యి తిప్పాడు. ఎందుకు చెప్పలేదన్నట్టు ఆవిడ చూసింది. పుస్తకం తెరిచి, "సుఖంగా ఉంది. పాడుచేయడమెందుకు" అని రాశాడు.

"అంటే, మీకు ఫోన్ చేయడానికి మనిషి లేకపోవడం కాదన్నమాట," అందావిడ. "ఉన్న మనిషికి అబద్ధం చెప్తున్నారు."

చురుక్కుమంది. కోపం కూడా వచ్చింది, ఎంత పరిచయమని అంత మాటంటుందని. కానీ ఆ మాటలో తప్పెక్కడుందో వెతికితే దొరకలేదు. ఆవిడ పాత డిస్కు కవరులో పెట్టి బీరువాలో దాచేసింది. కొత్తది ఆయన వైపు తోసి, సంతకం కాగితం మీద, "పాతది ఇవ్వను. కానీ ఎవరికీ చూపించను" అని రాసి, కింద సంతకం పెట్టింది. మీ మేడంకి ఇది చాలంది. చాలుతుందనే ఆయనకీ అనిపించింది.

తర్వాత చెయ్యి చాపింది. "మీ ఫోన్ ఇటివ్వండి."

ఎందుకో అర్థం కాకుండానే ఇచ్చాడు.

"చెవులు పోకముందు నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని. ఇరవై రెండేళ్ళు. పెళ్ళిళ్ళు కుదిర్చినవాళ్ళకి కలిపాను, చావు కబుర్లకి కలిపాను. మాట్లాడాలని ఉండి ఫోన్ ఎత్తలేనివాళ్ళు ఎలా కూర్చుంటారో నాకు బాగా తెలుసు. అక్క అని పేరు ఒకటే ఉందిగా ఇందులో?"

వద్దు వద్దని ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోపు ఆవిడ నొక్కేసింది. ఫోన్ తెర వైపు చూస్తూ, అవతల ఎత్తినట్టు అంకెలు కదలగానే, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "మాట్లాడండి. మొహమాటపడకండి, నాకేమీ వినపడదు." కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది.

"ఏరా?" అంది అక్క కంగారుగా. ఆదివారం ఫోన్ అక్కే చేయాలి, అదీ పొద్దున చేయాలి. "పొద్దునే కదా మాట్లాడాం. ఏమైంది?"

బాగానే ఉన్నాను అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"అక్కా, నేనేం బాగాలేను. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ బాగాలేను. రెండేళ్ళుగా నీకు అబద్ధం చెప్తున్నాను. నువ్వు సుఖంగా ఉన్నావని నాకు సంతోషమే, ఒట్టు. కానీ ఆదివారం మధ్యాహ్నాలు నావల్ల కావట్లేదు."

అవతల ఎవరని బావ అడగడం, ఏం లేదు తమ్ముడే అని అక్క చెప్పడం, తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాయి. తప్పు చేశాననుకున్నాడు. అక్క ఇంట్లో ఆదివారాన్ని కూడా పాడుచేశాననుకున్నాడు. తర్వాత అక్క గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ బావ బంగారం రా. ఒక్క మాట అనడానికి లేదు. కానీ సినిమా పెట్టారంటే అయ్యేదాకా నోరు విప్పరు. నేనేదైనా అంటే, ష్ అంటారు. రెండేళ్ళ నుంచీ నేను నోరు మూసుకుని సినిమాలు చూస్తున్నాను. నువ్వేమో పని, పని అంటున్నావు. నేను వెళ్ళిపోయానని నీకు కోపమేమో అనుకున్నాన్రా." ముక్కు చీదుకుంది. ఈయనా కళ్ళు తుడుచుకున్నాడు. అటు తిరిగి కూర్చున్న ఆవిడ తల కదపలేదు.

వచ్చే వారం వస్తానని ఆయనన్నాడు. రాకపోతే తనే వస్తానని అక్క అంది. తర్వాత, "ఈమధ్య ఏదైనా మంచి సినిమా చూశావా? చెప్పు. మొత్తం చెప్పు" అంది.

"ఒక ఊళ్ళో ఒక పాలాయన ఉంటాడు. రోజూ తెల్లారగట్ల బండేసుకుని..."

"ఆగాగు," అంది అక్క. "బండి ఏ రంగు?"